నాలుగు నిమిషాల నీళ్ళు

మొదట వెలుగు మీద ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు.
ఫిర్యాదు నీళ్ళ మీద.

లింకన్‌షైర్ చివర, గెడ్నీ డ్రోవ్ ఎండ్ దాటాక,
పోటు తిరిగి నాలుగు నిమిషాలైనా
లాకు తలుపు తెరిచే ఉంది.
ఆ నాలుగు దాటితే తలుపు మాట వినదు.
దించేసరికి నలభై పట్టింది.
ఈలోగా సముద్రం కాలవ ఎక్కి
పల్లపు చేలో గోధుమ మొలకని నాకేసింది.

డ్రైనేజీ బోర్డు సంజాయిషీ అడిగింది.
లస్కరు విల్ఫ్రిడ్ థర్ల్‌బీ ఒకటే వాక్యం రాశాడు:
"వెలుగు చూస్తూ నిలబడిపోయాను."
ఆ వాక్యం బోర్డు నుంచి పోలీసులకి,
పోలీసుల నుంచి వైమానిక దళానికి
చేతులు మారి మారి, గుండుసూది తుప్పుతో సహా
లండన్‌లో నా బల్ల మీదికి చేరింది.

బయల్దేరాను. సంచిలో
ఇరవై ఏడు ప్రశ్నల ఫారం, దిక్సూచి, ఉడికించిన గుడ్లు రెండు.

సగం పని రైల్లోనే అయిపోయింది.
బాంబుల రేంజి రిజిస్టరు: ఆ రాత్రి విమానాల్లేవు.
వాతావరణ బెలూను: సాయంత్రమే నీళ్ళలో పడింది.
శుక్రుడు: అస్తమించి మూడు గంటలు.
ఇక మిగిలింది మనిషి.
మామూలుగా, మనిషిని కొట్టేస్తే లెక్క సరిపోతుంది.

మందు అలవాటుందా?
ఆదివారం ఒక గ్లాసు.
కళ్ళజోడు?
చదవడానికి. ఆకాశాన్ని చదవను.
చేయి చాచి పట్టుకుంటే ఎంత ఉండేది,
బఠాణీ గింజంతా, షిల్లింగంతా, నారింజంతా?

చేయి చాచాడు. బొటనవేలు సగమే ఉంది,
మిగతా సగం ఎప్పుడో లాకు గొలుసు తినేసింది.
"ఈ లేనిదంత" అన్నాడు.
ఫారంలో ఆ గడి లేదు.
బఠాణీ అని రాశాను.

చప్పుడేమైనా?
టీ చల్లారేదాకా మాట్లాడలేదు.
"గట్టు కింద బురదలో అడవి బాతులు, రెండు వేలుంటాయి.
రాత్రంతా సంత గోల.
ఉన్నట్టుండి ఒక్కటీ నోరెత్తలేదు.
నేను తలెత్తింది దానికి. వెలుగుకి కాదు."
చప్పుడు: లేదు, అని రాశాను.

ఆ తర్వాత ఫారంలో లేని ప్రశ్న ఒకటి అడిగాను.
గొలుసు పట్టేసిందని రాసుంటే సరిపోయేదిగా,
ఇంత దూరం ఎందుకు తెచ్చుకున్నావు?

"గొలుసుకి నూనె పెట్టేది నేనే" అన్నాడు.

చీకటి పడ్డాక గట్టు మీదికి తీసుకెళ్ళాడు.
మెడ నొప్పెట్టేదాకా చూశాను.
అక్కడ ఉండాల్సిన చుక్కలే ఉన్నాయి.
బాతులు ఆపకుండా అరుస్తున్నాయి.
కింద చేను మూల చౌడు తేలి
టార్చి పడినచోటల్లా తెల్లగా పొడుచుకొచ్చింది.
దాన్ని అడుగులతో కొలిచాను.
అరవై నాలుగు. అది నా పని కాదు,
అయినా కొలిచాను.

"కారణం తెలియలేదు" అని నేను రాసిన చోట
పై అధికారి పచ్చ సిరాతో "విమానం కావచ్చు" అన్నాడు.
మా ఉత్తరం చూసి బోర్డు తీర్పు చెప్పింది:
బాంబుల రేంజి పక్కన పందొమ్మిదేళ్ళు బతికినవాడు
విమానాన్ని గుర్తుపట్టకపోవడమేమిటి?
వారం జీతం కోత.

అతని తరఫున రెండు ఉత్తరాలు రాశాను.
రెండోదానికి జవాబు కూడా రాలేదు.

ఫైలు కట్టేముందు ఫారం మళ్ళీ తిరగేశాను.
ఇరవై ఏడో ప్రశ్న: ఇంకేమైనా చెప్పదలిచారా?
నేను కోటు వేసుకుంటున్నప్పుడు
పెన్సిలుతో అతనే నింపినట్టున్నాడు:

రేపు పోటు రాత్రి ఒంటిగంటా పన్నెండుకి.
నేనుంటాను.